డాక్టర్ ఎ.ఎస్. రావు గారు – నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం



ప్రత్యేక సంచిక కోసం గతించిన పెద్దలలో ఒకరి జీవితం గురించి రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు వెనుకాడిన మాట నిజం. నేను రచయితను కాను. ముప్పయి నాలుగేళ్ల ఉద్యోగంలో నేను రాసినవన్నీ లాగ్ షీట్లు, ఇండెంట్లు, టి.ఎ. బిల్లులు మాత్రమే. అయినా ఈ ఒక్క మనిషి గురించి రాయాలని చాలాకాలంగా మనసులో ఉన్నది. ఎందుకో చివరి వరకు చదివితే మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి కుటుంబం హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్‌లో ఉంటున్నది. కొన్నేళ్ల క్రితం కంటి ఆపరేషన్ కోసం నర్సింహులపేట నుంచి వెళ్లి నెల రోజులు అక్కడే ఉన్నాను. ఒకనాడు బస్సు దిగుతుంటే, అప్పటికి ఏడో తరగతి చదువుతున్న మా మనవడు ఎ.ఎస్. రావు అంటే ఎవరు తాతయ్యా అని అడిగాడు. ఎవరో పెద్ద నాయకుడై ఉంటాడురా అని నోటికి వచ్చింది చెప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కరెంటు మీద బతికినవాడిని. ఈసీఐఎల్ అనే అక్షరాలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ సంస్థను నిలబెట్టిన మనిషి ఎవరో మనవడికి నాలుగు మాటలు చెప్పలేకపోయాను. మర్నాటి నుంచి తెలిసినవారిని అడిగి, దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఆయనను నేను ఏనాడూ దగ్గరగా చూడలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914 సెప్టెంబరు 20న భీమవరం దగ్గరి మోగల్లు గ్రామంలో పుట్టారు. అల్లూరి సీతారామరాజు గారి వంశానికి సంబంధించిన ఊరు కూడా అదే. సాంబశివరావు గారు చదువు కోసం కాశీ వెళ్లి, హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చేసి, కొంతకాలం అక్కడే భౌతికశాస్త్రం బోధించారు. తర్వాత టాటా వారి స్కాలర్‌షిప్ మీద 1946లో అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. ఆ రోజుల్లో అంత చదువు చదివినవారికి అక్కడే మంచి ఉద్యోగం దొరికేది. ఆయన మాత్రం తిరిగి వచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి దగ్గర టాటా పరిశోధన సంస్థలో చేరారు.

భాభా గారి పేరు మనందరం విన్నదే. ఆయన మనసులో అణుశక్తి ఉన్నది కాని చేతిలో పనిముట్లు లేవు. అణువులోంచి వెలువడే కిరణాలు కంటికి కనబడవు, చెవికి వినబడవు, ముక్కుకు వాసన రావు. వాటిని లెక్కపెట్టాలంటే ఎలక్ట్రానిక్ పరికరాలు కావాలి. అప్పట్లో రేడియో సెట్టు కూడా విదేశీ విడిభాగాలతో బిగించుకునే దేశం మనది. అటువంటి చోట కౌంటర్లు, ఆంప్లిఫయర్లు, రేడియేషన్ మీటర్లు సొంతంగా తయారు చేసే విభాగాన్ని రావు గారు పెంచి పెద్ద చేశారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పని మొదలుపెట్టింది. సోవియట్ దేశాన్ని పక్కన పెడితే ఆసియా మొత్తంలో అదే మొదటిది. ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది. దాన్ని అదుపులో పెట్టే కంట్రోలు వ్యవస్థ మాత్రం మనవాళ్లే, రావు గారి విభాగంలోనే తయారు చేశారు. 1957 జనవరిలో నెహ్రూ గారు దాన్ని జాతికి అంకితం చేశారు. రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి.

ఇక్కడ రియాక్టరు కంట్రోలు అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. మన సబ్ స్టేషన్‌లో లైను మీద లోడు హద్దు దాటితే రిలే పసిగడుతుంది, బ్రేకరు పడిపోతుంది. రియాక్టరులో కూడా అంతే. లోపల న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో పరికరాలు క్షణక్షణం లెక్కపెడుతుంటాయి. హద్దు మించితే న్యూట్రాన్లను మింగేసే కడ్డీలు లోపలికి దిగి మంటను ఆర్పినట్టు ఆర్పేస్తాయి. అయితే ఒక పరికరం అబద్ధం చెప్పవచ్చు కదా. అందుకని ముఖ్యమైన చోట మూడేసి పరికరాలు పెడతారు. మూడింటిలో రెండు ఒకే మాట చెబితే రియాక్టరు ఆగిపోతుంది. ఒక్కటి మాత్రమే గోల చేస్తే దాన్ని బాగు చేసుకుంటారు. ఊరి పంచాయితీలో ముగ్గురు పెద్దమనుషులను కూర్చోబెట్టినట్టే. ఒక్కడి మాట మీద తీర్పు ఇవ్వకూడదు, ఒక్కడి మౌనాన్ని నమ్మకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1960లో కెనడా సాయంతో కట్టిన సైరస్, 1961లో జెర్లీనా కూడా పని మొదలుపెట్టాయి. ట్రాంబేలో మూడు రియాక్టర్లు అయ్యాయి. 1962లో భాభా గారు రియాక్టరు సేఫ్టీ కమిటీ అని ఒకటి వేసి, దానికి అధ్యక్షుడిగా రావు గారిని నియమించారు. మన దేశంలో అణు భద్రతను పరిశీలించడానికి ఏర్పడిన మొదటి కమిటీ అదే. ఈనాడు అణుశక్తి నియంత్రణ మండలి చేస్తున్న పనికి విత్తనం అక్కడ పడింది. ఆ విత్తనం వేసిన చేతుల్లో ఒక తెలుగువాడి చెయ్యి ఉన్నదని మనలో ఎంతమందికి తెలుసు?

ఇటువంటి కమిటీకి పని ఏముంటుందని అడగవచ్చు. కట్టేటప్పుడు నిపుణులే కట్టారు కదా, నడిపేవాళ్లూ చదువుకున్నవాళ్లే కదా. కాని మనకు తెలిసిన సంగతే, ఏ యంత్రమూ కట్టిన రోజున ఉన్నట్టు పదేళ్ల తర్వాత ఉండదు. ఒక వాల్వు దొరకదు, వేరే రకం పెడతారు. ఒక అలారం ఊరికే మోగుతుంటుంది, దాని హద్దు కొంచెం పెంచుతారు. ఒక పంపు సరిపోదు, పెద్దది బిగిస్తారు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే, అవసరమైనదే. అయితే మొదటి డిజైను చేసినవాడు ఆ చిన్న వాల్వును లెక్కలోకి తీసుకునే మిగతావన్నీ నిర్ణయించి ఉంటాడు. ఒకటి కదిపితే ఇంకెక్కడ కదులుతుందో ఆ పని చేసినవాడికి ఆ క్షణంలో కనబడదు. అందుకే రెండో కన్ను కావాలి.

అణు విద్యుత్ కేంద్రంలో భద్రతకు సంబంధించిన మార్పు చేయాలంటే ఏం జరుగుతుందో క్లుప్తంగా చెబుతాను. ముందు ఆ మార్పు ఎందుకు కావాలో రాసి ఇవ్వాలి. దానివల్ల ఏ ఏ వ్యవస్థల మీద ప్రభావం పడుతుందో లెక్క చూపాలి. కేంద్రంలోని కమిటీ చూస్తుంది. తర్వాత సంస్థ ప్రధాన కార్యాలయం చూస్తుంది. ఆ పైన నియంత్రణ మండలి కమిటీలు చూస్తాయి. వారి అనుమతి వచ్చేదాకా పానా ముట్టకూడదు. పని అయ్యాక పరీక్ష చేసి చూపాలి. డ్రాయింగులు దిద్దాలి, నడిపే పద్ధతుల పుస్తకం దిద్దాలి, షిఫ్టువారికి నేర్పాలి. తాత్కాలికంగా వేసిన వైరుకు కూడా చీటీ కట్టి, రిజిస్టరులో ఎక్కించి, ఏ తేదీలోగా తీసివేయాలో రాయాలి. ఈ చివరి వాక్యం చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కారణం చెబుతాను.

1983 వేసవి. నేను అప్పుడు ఒక సబ్ స్టేషన్‌లో పనిచేస్తున్నాను. ఆ ఊరి పేరు, ఆఫీసు పేరు ఇక్కడ అవసరం లేదు. యాసంగి వరి పొట్టకు వచ్చిన సమయం. ఒక 11 కె.వి. ఫీడరు మీద మధ్యలో లోపం వచ్చి చివరి ఊళ్లకు కరెంటు పోయింది. రాత్రి పది గంటలకు రైతులు ట్రాక్టర్ల మీద వచ్చి సబ్ స్టేషన్ ముందు కూర్చున్నారు. పై అధికారి నోటిమాటగా చెప్పారు. నేనూ, ఒక లైన్‌మనూ వెళ్లి, ఆ చివరి ఊళ్లను మొదటి ఫీడరు నుంచి విడదీసి, పక్క ఫీడరు నుంచి జంపరు వేసి సరఫరా ఇచ్చాం. తెల్లవారేసరికి మోటార్లు నడిచాయి. రైతులు చేతులెత్తి దండం పెట్టారు. మా ఇద్దరికీ చాయ్ పోయించారు. పని నాలుగు రోజుల కోసమే అనుకున్నాం.

నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. లోపం బాగు చేశారు గాని, కొత్త సరఫరాతో వోల్టేజి బాగానే ఉన్నదని ఎవరూ మార్చలేదు. గోడ మీది లైన్ డయాగ్రామ్‌లో ఆ ఊళ్లు పాత ఫీడరు మీదనే ఉండిపోయాయి. నేను లాగ్ బుక్కులో ఆ రాత్రి సరఫరా పునరుద్ధరించడమైనది అని ఒక్క ముక్క రాశాను. జంపరు సంగతి రాయలేదు. వానాకాలంలో నాకు బదిలీ అయింది. కొన్నాళ్లకు ఆ లైన్‌మన్ రిటైరై వెళ్లిపోయాడు.

మూడేళ్ల తర్వాత ఒక హెల్పరు ఆ చివరి ఊళ్ల దగ్గర పనికి పాత ఫీడరు మీద లైన్ క్లియర్ తీసుకున్నాడు. డయాగ్రామ్ ప్రకారం లైను చచ్చిపోయింది. నిజానికి పక్క ఫీడరు నుంచి బతికే ఉంది. డిశ్చార్జి రాడ్లు వేయకుండానే స్తంభం ఎక్కాడు. ప్రాణం దక్కింది గాని కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. విచారణలో రాడ్లు వేయకపోవడం అతని తప్పేనని తేల్చి ఒక ఇంక్రిమెంటు ఆపేశారు. రాడ్లు వేయకపోవడం తప్పే. కాని గోడ మీది బొమ్మ అబద్ధం చెప్పింది కదా. ఆ అబద్ధం ఎవరిదో విచారణకు తెలియదు. నాకు తెలుసు.

ఏడాది తర్వాత ఒక పెళ్లిలో తోటి ఉద్యోగి ద్వారా ఈ వార్త విన్నాను. ఒకసారి వెళ్లి అతన్ని చూసి వచ్చాను. ఎడమ చేత్తో స్టీలు గ్లాసులో చాయ్ అందించాడు. అన్నా బాగున్నావా అని నన్నే అడిగాడు. చెబుదామని వెళ్లినవాడిని చెప్పకుండానే తిరిగి వచ్చాను. ఆగిన ఇంక్రిమెంటు అంటే ఏమిటో మన పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరంతో పోదు. మూల వేతనంలో తగ్గుతుంది, పెన్షనులో తగ్గుతుంది, మనిషి పోయాక కుటుంబ పెన్షనులో కూడా తగ్గుతుంది.

నా ఒక్క జంపరుకు ఒక చెయ్యి పోయింది. అదే అణు కేంద్రమైతే? 1986 ఏప్రిల్ 26న సోవియట్ దేశంలోని చెర్నోబిల్‌లో ఏం జరిగిందో చూడండి. కరెంటు పోయినప్పుడు టర్బైను ఇంకా తిరుగుతున్న ఊపుతో పంపులకు కాసేపు సరఫరా ఇవ్వవచ్చునా అని ఒక పరీక్ష తలపెట్టారు. ఉద్దేశం మంచిదే, భద్రత కోసమే. కాని ఆ పరీక్ష పద్ధతిని రియాక్టరును డిజైను చేసినవారి చేత, అణు భద్రత చూసేవారి చేత సరిగా పరిశీలింపజేయలేదు. కొన్ని రక్షణలను తప్పించి నడిపారు. పైగా మంటను ఆర్పవలసిన కడ్డీలే, కొన్ని పరిస్థితుల్లో, దిగడం మొదలైన తొలి క్షణాల్లో మంటను పెంచుతాయని 1983లోనే మరో కేంద్రంలో గమనించారు. తెలిసి కూడా దిద్దలేదు. అంటే తప్పు రెండు రకాలుగా ఉంటుంది. చూడకుండా చేసిన మార్పు ఒకటి. చేయవలసి ఉండి చేయని మార్పు మరొకటి.

మన దేశంలో కూడా అటువంటి గండం ఒకటి గడిచింది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైను బ్లేడ్లు విరిగి, హైడ్రోజను బయటికి వచ్చి, మంటలు లేచాయి. అసలు కరెంటుకూ, అత్యవసర కరెంటుకూ సంబంధించిన కేబుళ్లు తగినంత ఎడం లేకుండా, మంటను ఆపే అడ్డుకట్టలు లేకుండా పోవడంతో అన్నీ కలిసి కాలిపోయాయి. సుమారు 17 గంటలు కేంద్రం మొత్తం చీకటిలో ఉంది. సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని పైకి ఎక్కి, చేతితో వాల్వులు తిప్పి, రియాక్టరు మళ్లీ రాజుకోకుండా బోరాన్ ద్రవం వదిలారు. ఆ మనుషులకు మనం దండం పెట్టాలి. ఆ బ్లేడ్ల డిజైను మార్చాలన్న సూచన ప్రమాదానికి ముందే, 1989లోనే వచ్చి ఉన్నదని తర్వాత బయటపడింది. ఆ తర్వాతనే బ్లేడ్లు మారాయి, కేబుళ్లు విడివిడిగా నడిచాయి.

మంచి జరిగిన ఉదాహరణ కూడా చెప్పాలి. 1989 ప్రాంతంలో కల్పాక్కంలోని రెండు యూనిట్లలో భారజలం లోపలికి వెళ్లే మానిఫోల్డులు లోపల దెబ్బతిన్నాయి. భారజలం పోయే దారి మార్చి నడపవచ్చునని ఇంజనీర్లు తేల్చారు. అయితే అలా మార్చితే పూర్తి సామర్థ్యం మీద నడపడం క్షేమం కాదు. కాబట్టి సుమారు 170 మెగావాట్లకు మించకుండా నడపాలని కట్టడి చేశారు. రాష్ట్రాలన్నీ కరెంటు కోసం అల్లాడుతున్న రోజులవి. ఒత్తిడి ఎంత ఉండి ఉంటుందో ఆ రాత్రి ట్రాక్టర్ల ముందు నిలబడ్డ నేను ఊహించగలను. అయినా పదేళ్లకు పైగా ఆ హద్దులోనే నడిపి, 2000 దశకంలో లోపల కొత్త ఏర్పాటు చేసి పరీక్షించాకనే మళ్లీ 220 మెగావాట్లకు వెళ్లారు. తాత్కాలికం అంటే అది. హద్దు ఉండాలి, రాత ఉండాలి, ముగింపు ఉండాలి.

రావు గారి గురించి మళ్లీ చెబుతాను. 1962 చైనా యుద్ధం తర్వాత దేశంలో ఎలక్ట్రానిక్స్ ఎంత వెనుకబడి ఉన్నదో అందరికీ తెలిసివచ్చింది. భాభా గారి అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. 1966 జనవరి 24న భాభా గారు విమాన ప్రమాదంలో పోయారు. ఆ మరుసటి ఏడాది, 1967 ఏప్రిల్ 11న, హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా మన ఈసీఐఎల్, స్థాపించారు. దాన్ని నిలబెట్టే బాధ్యత రావు గారి మీద పడింది. అంతకు ముందు రాళ్లూ రప్పలూ ఉన్న ప్రాంతంలో ఒక ఊరే లేచింది. 1969లో దేశంలో తయారైన టీడీసీ-12 కంప్యూటరు అక్కడిదే. మన ఊళ్లలో చాలామంది మొదట చూసిన టీవీ ఈసీ టీవీయే. ఆదివారం పొద్దున రామాయణం చూడటానికి ఊరంతా ఒకే ఇంటి వాకిట్లో కూర్చున్న రోజులు గుర్తున్నాయి కదా. తర్వాతి కాలంలో మనం మీట నొక్కిన ఓటింగు యంత్రాల్లో కూడా ఆ సంస్థ తయారు చేసినవి ఉన్నాయి. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోలు ప్యానెళ్లు అక్కడి నుంచే వెళ్లాయి.

1974 మే 18న పోఖ్రాన్ పరీక్ష జరిగాక కెనడా సాయం ఆగిపోయింది. రాజస్థాన్‌లో సగం కట్టిన రెండో యూనిట్ ఉంది, కల్పాక్కం ఉంది. సందేహం వస్తే అడగడానికి మొదట డిజైను చేసినవారు లేరు. మార్పు చేయాలన్నా, అది మంచిదో కాదో తేల్చాలన్నా మనవాళ్లే తేల్చాలి. పరికరాలు సొంతంగా తయారు చేయడం అలవాటైన మనుషులు అప్పటికే హైదరాబాదులో ఉండటం ఎంత మేలు చేసిందో ఆలోచించండి. మన పక్క జిల్లాలో, మణుగూరు దగ్గర అశ్వాపురంలో 1991లో మొదలైన భారజల కేంద్రం కూడా ఆ సొంత కాళ్ల మీద నిలబడే పట్టుదలలో భాగమే.

పొగడ్తలు మాత్రమే రాస్తే అది జీవిత చరిత్ర కాదు. ఒక ముల్లు కూడా చెప్పాలి. 1962 కమిటీ అణుశక్తి శాఖ ఇంటిలోని కమిటీయే. కట్టినవారూ, నడిపేవారూ, తనిఖీ చేసేవారూ ఒకే యజమాని కింద ఉన్నారు. అప్సర కంట్రోలు తయారు చేయించిన రావు గారే భద్రతా కమిటీకి అధ్యక్షులు. అప్పటికి ఆ విద్య తెలిసినవాళ్లు దేశంలో గుప్పెడు మంది, కాబట్టి వేరే దారి కూడా లేదు. లోపలి సంగతి తెలిసినవాడు అడిగే ప్రశ్న పదునుగా ఉంటుంది, నిజమే. అయితే సొంత మనిషిని గట్టిగా అడగడానికి నోరు రాదు, అదీ నిజమే. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. నా జంపరు సంవత్సరమే అది. మండలికి చట్టబద్ధమైన స్వతంత్ర ప్రతిపత్తి లేదని 2012లో కాగ్ నివేదిక ఎత్తిచూపింది. 2011లో జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత మన కేంద్రాలన్నిటినీ మళ్లీ పరిశీలించి, కరెంటు పూర్తిగా పోయినా బయటి నుంచి నీళ్లు పోసే గొట్టాల ఏర్పాటు వంటి మార్పులు చేయించారు. తనిఖీ చేసేవాడు ఎంత స్వతంత్రంగా ఉంటే జనానికి అంత నమ్మకం. ఈ మాట అణు కేంద్రానికీ, మన ఊరి సొసైటీ లెక్కలకూ ఒకటే.

రావు గారు 2003 అక్టోబరు 31న, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరు ఇప్పుడు ఒక పెద్ద కాలనీ పేరు. బస్సు బోర్డు మీద రెండు అక్షరాలూ ఒక రావూ మిగిలాయి. ఆ పేరు పలికే వేలమందిలో ఆయన 1962లో ఏ కుర్చీలో కూర్చున్నారో తెలిసినవారు తక్కువ. టీవీలు తయారు చేసినందుకు, కంప్యూటర్లు తయారు చేసినందుకు పేరు వచ్చింది. అది న్యాయమే. కాని పని ఆపి కాగితం అడిగే కమిటీలో కూర్చున్నవాడికి ఎవరూ చాయ్ పోయించరు. ఏమీ జరగకపోవడమే ఆయన పనికి ఫలితం. జరగని ప్రమాదానికి శిలాఫలకం ఉండదు.

ఇక నా సంగతి. నేను చెప్పిన హెల్పరు ఆరేళ్ల క్రితం కాలం చేశాడు. అతని భార్యకు కుటుంబ పెన్షను వస్తున్నది. మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి తొర్రూరు వెళ్లినప్పుడు బ్యాంకు వరుసలో ఆమె కనబడింది. నన్ను గుర్తుపట్టి, అన్నా కూర్చో అని కుర్చీ చూపింది. ఆ వారమే ఆమె ఇంటికి వెళ్లి, కొడుకు ఎదుట, 1983 నాటి రాత్రి సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఇన్నేళ్లు ఆయన తన తప్పే అనుకుని పోయిండు అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ జంపరు వేసినది నేనేనని, డయాగ్రామ్ దిద్దించకపోవడం నా లోపమని సంతకం పెట్టి, తేదీ వేసి, సంబంధిత కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంక్రిమెంటు తిరిగి కలుపుతారో లేదో నాకు తెలియదు. మన సంఘం న్యాయ సలహాదారుగారు ప్రయత్నం చేస్తానన్నారు. కలిపినా కలపకపోయినా, విచారణ ఫైలులో లేని కాగితం ఇప్పుడు ఒకటి ఉంటుంది.

సోదరులకు నాదొక విన్నపం. మనలో సబ్ స్టేషన్లలో చేసినవారున్నారు, కాలువల మీద చేసినవారున్నారు, బస్సు డిపోలలో, నీళ్ల ట్యాంకుల దగ్గర చేసినవారున్నారు. డ్రాయింగులో లేని వాల్వు, మ్యాపులో లేని పైపు, నాలుగు రోజుల కోసమని వేసి మరచిపోయిన వైరు మీ జ్ఞాపకంలో ఒక్కటైనా ఉంటుంది. దాని మీద ఇప్పుడు మన పిల్లల వయసువాళ్లు పనిచేస్తున్నారు. దయచేసి ఒక కాగితం మీద రాసి ఆ ఆఫీసులో ఇవ్వండి. ముసలాయన ఏదో చెబుతున్నాడని నవ్వినా ఫరవాలేదు. రసీదు తీసుకోండి.

మా మనవడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఎ.ఎస్. రావు గారు ఎవరో వాడికి చెప్పాను. దానితోపాటు వాళ్ల తాత ఏం చేశాడో కూడా చెప్పాను. రెండూ కలిపి చెబితేనే పాఠం పూర్తవుతుందని నాకు అనిపించింది.

సెలవు.

– ఒక విశ్రాంత ఉద్యోగి, నర్సింహులపేట